ఇంటివద్ద చిన్న చేపల పడవ నిర్మాణము

(రైతు శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



వరిచేను గట్టున నిలబడి చూచినచో చేనంతయు కనిపించును. చేపల చెరువు అట్లు కాదు. గట్టుమీది నుండి మనకు కనిపించునది నీరు మాత్రమే. మేత సంచులు కట్టవలెనన్నను, చేపల ఎదుగుదల చూచుటకు వల వేయవలెనన్నను, గుర్రపుడెక్క తీసివేయవలెనన్నను చెరువు నడుమకు వెళ్ళక తప్పదు. వెళ్ళుటకు పడవ కావలెను. అట్టి పడవను మీ ఊరి వడ్రంగి సహాయముతో మీ పెరటిలోనే కట్టించుకొను విధానమును గూర్చి ఈ దినము మీతో ముచ్చటించదలచినాను.

నేడు ఫైబరు పడవలు, ఇనుపరేకు పడవలు అమ్మకమునకు దొరకుచున్నవి. స్తోమత గలవారు వాటిని కొనవచ్చును. కాని కర్రపడవకు కొన్ని సుగుణములు గలవు. అది పాడైనప్పుడు బాగుచేయగల మనిషి మీ ఊరిలోనే ఉండును. కావలసిన కలపలో కొంత మీ పొలము గట్టుమీదనే దొరకవచ్చును. అన్నిటికన్న ముఖ్యముగా, దాని కొలతలు మీ చేతిలో ఉండును. ఆ కొలతలను గూర్చియే నేను మీకు ఎక్కువగా చెప్పదలచినాను. ఏలయన, ఆ విషయములో నేనొకసారి పెద్ద పొరపాటు చేసితిని.

ఒక అనుభవము

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట మా అన్నగారును నేనును మా పల్లపు పొలములో చేపల చెరువు త్రవ్వించితిమి. మన ప్రాంతములో తవుడును, వేరుశనగ చెక్కను కలిపి, చిల్లులు పొడిచిన సంచులలో నింపి, చెరువులో పాతిన గడలకు కట్టు అలవాటు మీకు తెలిసినదే. ఆ పనికై ఒక పడవ కట్టించితిమి. కొలతలు నేనే ఇచ్చితిని. పొడవు 12 అడుగులు, వెడల్పు 2 అడుగులు. మా చెరువులో పనిచేయు పెద్దాయన దానిని చూచి, "బాబుగారూ, ఇంకొక జానెడు వెడల్పు పెట్టించండి. నిలబడితే ఒరుగుతుందండి" అన్నాడు. కలప ఖర్చు పెరుగునని నేను వినలేదు.

నాలుగవ నెలలో ఒకనాటి ఉదయము ఆయన సంచి కట్టుటకు నిలబడి గడవైపు వంగినాడు. పడవ ఒక్కసారిగా ఒరిగి బోర్లపడినది. చెరువు లోతు ఆరడుగులే. కాని అడుగున మోకాలిలోతు బురద. కాళ్ళు బురదలో దిగబడి, సంచి త్రాడు కాలికి చుట్టుకొని ఆయన పైకి రాలేకపోయినాడు. మా అన్నగారు గట్టుమీద ఉండుట, చేతికందిన వెదురుగడతో నీటిలోనికి దూకుట మా అదృష్టము. ఆయన బ్రతికినాడు. మరునాడు యథాప్రకారము పనికి వచ్చినాడు. ముందే చెప్పితినని గాని, మీవలన ఇట్లయినదని గాని ఒక్కమాట అనలేదు. నన్ను తిట్టియున్నచో ఈపాటికి మరచియుందును. ఆ పడవను కోయించి కోళ్ళగూడు చేయించితిమి.

ఇది ఎందుకు చెప్పుచున్నాననగా, పడవకు డబ్బు పెట్టువాడు ఒకడు, ప్రతిదినము దానిలో ఎక్కువాడు వేరొకడు అగుట సామాన్యము. కొలతలు నిర్ణయించునపుడు ఎక్కువానిని తలచుకొనవలెను.

వెడల్పులోని కిటుకు

కొల్లేటి ప్రాంతమునను, గోదావరి లంకలలోను మన పెద్దలు తాటిమొద్దును తొలిచి దోనె చేసెడివారు. ఒంటి దోనె సన్నముగా ఉండి ఇట్టే ఒరుగును. బరువు వేయవలసి వచ్చినప్పుడు రెండు దోనెలను జతకట్టి సంగడి చేసెడివారు. సంగడిపై మనుషులు నిలబడి ప్రయాణము చేయగలిగెడివారు. రెండు దోనెల బరువు మోయుశక్తి ఒక దోనెకు రెట్టింపు మాత్రమే. కాని ఒరగక నిలుచు శక్తి అంతకు ఎన్నో రెట్లు పెరిగినది. కారణము వెడల్పు.

దీనికొక లెక్క గలదు. నీటిమట్టమువద్ద పడవ వెడల్పు రెట్టింపయినచో, ఒరుగుదలను అడ్డుకొను శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. రెండును రెండును రెండును హెచ్చవేసిన ఎనిమిది అయినట్లే ఇదియు. 2 అడుగుల వెడల్పును 3½ అడుగులు చేసినచో ఆ శక్తి అయిదు రెట్లకు మించును. మా పెద్దాయన ఈ లెక్క చదువుకొనలేదు. కాని అడిగిన జానెడులో ఈ లెక్క అంతయు ఉన్నది.

పడవ కొలతలు

నేను చెప్పబోవునది చెరువులకు, కుంటలకు, నిలకడగా పారు కాలువలకు తగిన పడవ. సముద్రమునకు గాని, వరదలో నున్న నదికి గాని ఇది పనికిరాదు. ఆ పని చేయు పడవలు కట్టుటకు తాళ్ళరేవు వంటి చోట్ల తరతరాల అనుభవము గల వడ్రంగులు గలరు. అది వేరు విద్య.

మన పడవ రెండు కొనలును బల్లలతో మూసిన బల్లపరుపు పడవ. ముక్కు కోసుగా చేయుట అందమే కాని, దానికి బల్లలు వంచవలసి వచ్చును. ఈ పడవలో ఒక్క బల్లనైనను వంచనక్కరలేదు.

పొడవు 12 అడుగులు. వెడల్పు 3½ అడుగులు, మొదటి నుండి చివరివరకు ఒకటే. ప్రక్కల ఎత్తు 16 అంగుళములు. అడుగు భాగము నడుమ 6 అడుగుల మేర సమముగా ఉండి, అటు 3 అడుగులు, ఇటు 3 అడుగులు ఏటవాలుగా పైకి లేచును. కొనవద్ద ఆ లేచిన ఎత్తు 6 అంగుళములు. కనుక కొనలను మూయు బల్లల ఎత్తు 10 అంగుళములు. ఈ ఏటవాలు వలన పడవ నీటిని చీల్చుకొని సులువుగా నడచును, గట్టుకు తేలికగా ఎక్కును.

ఎంత బరువు మోయును?

మునిగిన భాగము ఎంత నీటిని ప్రక్కకు నెట్టునో అంత బరువును పడవ మోయును. ఒక ఘనపుటడుగు నీటి బరువు సుమారు 28 కిలోలు. మన పడవ 6 అంగుళములు మునిగినదనుకొనుడు. అడుగున సమభాగపు పొడవు 6 అడుగులు, నీటిమట్టమున పొడవు 12 అడుగులు, సగటు 9 అడుగులు. తొమ్మిదిని 3½ వెడల్పుతోను, అర అడుగు లోతుతోను హెచ్చవేసిన 15¾ ఘనపుటడుగులు వచ్చును. అనగా సుమారు 440 కిలోలు.

ఇందులో పడవ బరువు తీసివేయవలెను. టేకుతో కట్టిన ఈ పడవ సుమారు 150 కిలోలు తూగును. మిగిలినది 290 కిలోలు. ఇద్దరు మనుషులకు 140 కిలోలు. రెండు మేత బస్తాలకు 100 కిలోలు. ఇంకను 50 కిలోలు మిగులును. తడిసిన వల, పడవలో చేరిన నీరు, నీరు పీల్చిన కర్ర బరువు, ఇవన్నియు ఆ 50 కిలోలలోనివే. దానిని ఇంకొక బస్తాకు చోటుగా ఎంచరాదు.

కలప ఎన్నిక

అన్నిటిలో టేకు మేలు. తేలికగా ఉండును, నీటికి ఎక్కువగా ఉబ్బదు, త్వరగా పుచ్చదు. ఖరీదు మాత్రము ఎక్కువ. నల్లమద్ది గట్టిది, కాని బరువు. దానితో కట్టినచో పడవ బరువు పెరిగినంత మేర మోత తగ్గించుకొనవలెను. మామిడి చవుక, దొరకుట సులభము. అయితే త్వరగా పుచ్చును. పూత బాగుగా వేసి, ఏటేట చూచుకొనుచు, కొద్ది సంవత్సరములకే మార్చవలసివచ్చునని తెలిసి వాడవలెను. పడవ లోపలి అడ్డకట్లకు నల్లతుమ్మ చేవ మంచిది. పడవను త్రోయుటకు వెదురుగడ గాని సరుగుడు గడ గాని చాలును.

ఏ కలపయైనను చేవదేరిన భాగమునే తీసుకొనవలెను. అంచున నుండు తెల్లని లేతభాగము ముందుగా పుచ్చును, పురుగు కూడ దానినే మొదట పట్టును. ముళ్ళు అనగా కొమ్మకణుపులు పెద్దవిగా ఉన్న బల్లలను అడుగుకు వాడరాదు. కణుపు ఊడినచో చిల్లి పడును.

కోసిన బల్లలను వెంటనే వాడరాదు. నీడలో, నేలకు జానెడెత్తున, బల్లకు బల్లకు మధ్య సన్నని కర్రముక్కలు పెట్టి పేర్చి, గాలి ఆడునట్లు కొన్ని నెలలు ఆరనీయవలెను. పచ్చిబల్లతో కట్టిన పడవ ఎండలో ఆరినప్పుడు ప్రతి సందును నోరు తెరచును.

కావలసిన సామాను

ప్రక్కలకు 12 అడుగుల పొడవు, 8 అంగుళముల వెడల్పు గల బల్లలు నాలుగు. అడుగుకు 6 అంగుళముల వెడల్పు గల బల్ల మొత్తము 95 అడుగులు. కొనలకు 10 అంగుళముల ఎత్తు వచ్చు బల్లలు రెండు, ఒక్కొక్కటి 3½ అడుగులు. బల్లలన్నియు అంగుళపు మందమున కోయించి, చిత్రిక పట్టిన పిమ్మట ముప్పావు అంగుళమునకు తగ్గకుండ చూడవలెను. మూలపట్టీలకు, అంచుపట్టీలకు, అడ్డకట్లకు, పీటలకు కావలసిన కర్రతో కలిపి మొత్తము సుమారు 10 ఘనపుటడుగుల కలప పట్టును.

మేకులు జింకు పూత గలవే కొనవలెను. మామూలు ఇనుపమేకు నీటిలో త్రుప్పుపట్టి, తన చుట్టునున్న కర్రను కూడ నల్లగా పుచ్చజేయును. 2 అంగుళముల మేకులు ముఖ్యము. కొనబల్లలకు, అడ్డకట్లకు మేకులకన్న మరలు మంచివి. ఇవిగాక నూలుదారము, గుగ్గిలము, నూనె, పూతసామగ్రి కావలెను.

పనిముట్లు మీ వడ్రంగివద్ద ఉండునవే: రంపము, చిత్రిక, ఉలి, బాడిస, సుత్తి, బరమా, మూలమట్టము.

కట్టు విధానము

1. మొదట ప్రక్కలు తయారుచేయవలెను. 8 అంగుళముల బల్లలు రెండు అంచుకు అంచు చేర్చి, లోపలివైపున ఆ సందు పొడవునా 2 అంగుళముల పట్టీ వేసి బిగించిన 16 అంగుళముల ప్రక్క ఏర్పడును. రెండు ప్రక్కలను ఒకదానిపై నొకటి పెట్టి, రెండు కొనలందును క్రిందివైపు ఏటవాలు గీసి ఒకేసారి కోయవలెను. అప్పుడు రెండును ఒకే తీరున ఉండును. ఇక్కడ అర అంగుళము తేడా వచ్చినను పడవ జీవితాంతము ఒకవైపు లాగును.

2. ప్రతి ప్రక్క క్రింది అంచు వెంబడి లోపలివైపున 2 అంగుళముల వెడల్పు, ఒకటిన్నర అంగుళముల మందము గల మూలపట్టీని బిగించవలెను. అడుగుబల్లల మేకులు దిగునది దీనిలోనే. కనుక ఇది చేవకర్ర అయి తీరవలెను. ఏటవాలు మొదలగుచోట పట్టీని ముక్కగా కోసి అతుకవలెను. ఆ అతుకు దగ్గర ఒక అడ్డకట్టు వచ్చునట్లు చూచుకొనవలెను.

3. అడ్డకట్లు మూడు చేయవలెను. ఒక్కొక్కటి అడుగున ఒక అడ్డకర్ర, దానికి రెండు చివరల రెండు నిలువుకర్రలు. మూలమట్టము పెట్టి చూచి బిగించవలెను. ఒకటి పడవ నడుమను, తక్కిన రెండు ఏటవాలు మొదలగు చోట్లను వచ్చును. అడ్డకర్ర క్రింద, మూలలవద్ద వ్రేలు దూరునంత గాడి తీయవలెను. పడవలో చేరిన నీరు ఆ గాడిగుండ ఒకచోటికి వచ్చును, తోడిపోయుట సులువగును. గాడి లేనిచో నీరు అక్కడక్కడ నిలిచి కర్ర పుచ్చును.

4. రెండు ప్రక్కలను నేలపై తలక్రిందుగా నిలిపి, నడుమ అడ్డకట్లు, కొనలందు కొనబల్లలు పెట్టి బిగించవలెను. పూర్తిగా బిగించుటకు ముందు, ఒక మూల నుండి ఎదురుమూలకు త్రాడు పట్టి కొలిచి, మిగిలిన రెండు మూలలకు మధ్య కూడ కొలువవలెను. రెండు కొలతలును సమానముగా ఉన్నచో పడవ చదరముగా నున్నదన్నమాట. తేడా ఉన్నచో ఇప్పుడే సరిచేయవలెను, తరువాత సాధ్యముకాదు.

5. ఇక అడుగుబల్లలు. వీటిని పొడవునకు కాక అడ్డముగా వేయవలెను. ఒక్కొక్క ముక్క 3½ అడుగులు. సుమారు 26 ముక్కలు పట్టును. అడ్డముగా వేయుటవలన ఏటవాలు వద్ద బల్ల వంచవలసిన పని లేదు, ఎప్పుడైన ఒక ముక్క పాడైనచో దానినొక్కదానినే మార్చవచ్చును. ప్రతి మేకుకు ముందుగా బరమాతో సన్నని రంధ్రము చేయవలెను. లేనిచో బల్ల చివర పగులును. మూలపట్టీపై వేడి గుగ్గిలము పూసి, దానిపై నూలు పరచి, ఆపైన బల్లను మేకులతో బిగించవలెను.

6. బల్లకు బల్లకు మధ్య సందు లోపలివైపు దగ్గరగా ఆని, బయటివైపు రూపాయి బిళ్ళ మందమున తెరచియుండవలెను. దీనికై బల్ల అంచులను చిత్రికతో కొంచెము ఏటవాలుగా తీయవలెను. ఈ తెరపిలోనే నూలు కూరుట.

7. పడవను వెల్లకిల త్రిప్పి, ప్రక్కల పై అంచున అంచుపట్టీలను, నిలువుకర్రలకు ఆనించి రెండు పీటలను బిగించవలెను. పీటలు పై అంచుకు కనీసము 6 అంగుళములు క్రిందుగా ఉండవలెను. మనిషి ఎంత క్రిందుగా కూర్చున్న పడవ అంత నిలకడగా ఉండును. అడుగుభాగమునకు బయటివైపు పొడవునా రెండు పట్టీలు వేసినచో గట్టుపైకి లాగినప్పుడు అడుగుబల్లలు అరుగవు.

సందులు పూడ్చుట, పూత వేయుట

నూలును వదులుగా పేనిన త్రాడువలె చేసి, మొద్దుబారిన ఉలితో సందులోనికి నెట్టవలెను. బలముగా దిమ్మిస వేసినట్లు కూరరాదు. కర్ర నీటిలో ఉబ్బును. చోటులేక ఉబ్బినచో మేకులను పెకలించును. నూలు మీద గుగ్గిలమును నూనెతో కాచి పోసి సందు పూడ్చవలెను. గుగ్గిలము కాచుట ఇంటికి దూరముగా, ఆరుబయట చేయవలెను. అది మండిన నీటితో ఆరదు, ఇసుక చల్లవలెను.

బయటిపూతకు అవిసెనూనె కాచి రెండు మూడు మార్లు పట్టించవచ్చును. నల్లరంగు పూత కావలసినవారు పెట్రోలియము నుండి వచ్చు తారుతో చేసిన పూత వాడవచ్చును. బొగ్గు నుండి తీసిన తారును చేపల చెరువులో దిగు పడవకు వాడకుండుట మంచిది. సముద్రపు పడవలకు నాచు పట్టకుండ వేయు రాగి కలిసిన రంగులు కూడ చెరువుకు తగవు. ఆ రంగు చేసెడి పని జీవములను చంపుటయే. మీ చేపలు కూడ జీవములే. ఏ పూతయైనను పూర్తిగా ఆరి, వాసన పోయిన తరువాతనే పడవను నీటిలో దింపవలెను.

అడుగుకు బల్లలకు బదులు ప్లైవుడ్ వాడదలచినవారు నీటి వాడుకకై తయారగు ఐ.ఎస్. 710 ముద్ర గలదానినే కొనవలెను. ఇంటి బీరువాలకు వాడునది నీటిలో పొరలు పొరలుగా విడిపోవును. ప్లైవుడ్ అంచులకు ఎపాక్సీ పూత తప్పనిసరి.

తెల్లగీత

ఇక్కడికి పడవ తయారయినది. కాని నా దృష్టిలో ఇంకను పూర్తి కాలేదు. చివరిపని ఒకటి మిగిలియున్నది. కొనబల్ల క్రింది అంచు ఎక్కడ ఉన్నదో అదే ఎత్తున, అనగా అడుగునుండి 6 అంగుళముల ఎత్తున, పడవ చుట్టును తెల్లరంగుతో రెండు వ్రేళ్ళ వెడల్పున ఒక గీత గీయవలెను. గీత క్రింది అంచు సరిగా 6 అంగుళములవద్ద ఉండవలెను. పడవలో ఎంత బరువు వేసినను నీరు ఈ గీతను తాకరాదు. తాకినచో ఒక బస్తా దింపవలెను. అప్పుడు ప్రక్క ఎప్పుడును నీటికి పైన 10 అంగుళములు మిగిలియుండును. గాలి లేచి అల వచ్చినను, ఒకవైపు వంగి వల లాగినను ఆ 10 అంగుళములే ప్రాణము కాపాడును.

ఈ గీత నేను కనిపెట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దములో ఇంగ్లండు ఓడల యజమానులు కొందరు మితిమీరిన సరుకు వేసి ఓడలను పంపెడివారు. సరుకుకు భీమా ఉండెడిది. మునిగినచో చనిపోవునది నావికులు. శామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు దీనిపై పోరాడగా 1876లో ఓడప్రక్కన మోతగీత గీయవలెనని శాసనమయినది. కాని ఆ గీత ఎక్కడ గీయవలెనను నిర్ణయమును మొదట యజమానికే వదలిరి. గీతను ఎంత పైకి గీసినను అడ్డులేకపోయినది. 1890లో ఆ చోటును కూడ శాసనముతో నిర్ణయించిన పిదపనే ఆ గీతకు విలువ వచ్చినది.

మన చెరువులో ఈ గీతను చూచుటకు ఏ అధికారియు రాడు. గీసినవారము మనమే, పాటించవలసినవారము మనమే. మేత ఆలస్యమైనదనో, పడవ రెండుమార్లు త్రిప్పుట దండుగయనో ఒకనాడు గీత ముంచినచో, మరునాటి నుండి ఆ గీత వట్టి అలంకారమగును. పడవలో ఎక్కు మనిషికి ముందే చెప్పుడు: "గీత మునిగితే నువ్వు ఎక్కవద్దు, నేను చెప్పినా సరే." ఈ మాట యజమాని నోట వచ్చినప్పుడే పనివానికి ధైర్యము కలుగును.

నీటిలో దింపి పరీక్షించుట

పడవను గట్టుప్రక్క లోతులేని నీటిలో దింపి రెండు మూడు దినములు ఉంచవలెను. మొదటిదినము సందులలో నీరు ఊరును. భయపడనక్కరలేదు. కర్ర ఉబ్బి సందులు మూసుకొనును. మూడవదినము తరువాత కూడ ఊరుచున్నచోట్లను సుద్దతో గుర్తించి, పడవను పైకి తీసి ఆరబెట్టి మరల నూలు కూరవలెను.

తరువాత మోతపరీక్ష. మట్టిబస్తాలను తూచి 290 కిలోలు పడవలో సమముగా పేర్చి గీతను చూడవలెను. నీరు గీత దిగువనే ఉన్నచో పడవ లెక్కకు సరిపోయినది. గీత మునిగినచో మీ కలప బరువైనదని అర్థము. ఎన్ని కిలోలు తీసిన గీత తేలునో చూచి, ఆ అంకెను పడవ లోపలివైపున పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.

చివరగా ఒరుగుడు పరీక్ష. నడుములోతు నీటిలో, ఈతవచ్చిన మనిషి ఒకడు పడవలో ఒక ప్రక్కకు చేరి నిలబడవలెను. ఇద్దరు బయట నీటిలో ప్రక్కనే ఉండవలెను. పడవ కొంత ఒరిగి నిలిచినచో మంచిది. అంచు నీటికి చేరువగుచున్నచో దానిని మేతపనికి వాడరాదు.

వాడుకలో జాగ్రత్తలు

పడవలో ఒకసారి ఒక్కరే నిలబడవలెను. రెండవవారు కూర్చుండియే ఉండవలెను. సంచి కట్టునపుడు పడవను గడ ప్రక్కకు చేర్చి, ముందు పడవను గడకు కట్టి, తరువాత సంచిని కట్టవలెను. మా పెద్దాయన పడినది పడవ కదలియున్నప్పుడు వంగుటవలననే. మేతసంచుల త్రాళ్ళు చుట్టలుచుట్టి ఒకమూల ఉంచవలెను, కాళ్ళక్రింద పరచియుండరాదు.

మూత బిగువుగా ఉన్న 20 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యానులు నాలుగింటిని పీటలక్రింద గట్టిగా కట్టియుంచుడు. పడవ నీటితో నిండినను ఇవి సుమారు 80 కిలోల బరువును తేల్చి పట్టును. మునిగినవాడు పడవను విడువక పట్టుకొని కేక వేయవలెను. ఈత వచ్చినను, రాకపోయినను పడవలో ఎక్కువాడు లైఫ్ జాకెట్ వేసుకొనవలెను. "ఆరడుగుల చెరువేగదా" అను మాటకు సమాధానము నా కథలోనే ఉన్నది. ఆ లోతులో ముంచునది నీరు మాత్రమే కాదు, బురద కూడ.

చెరువుమీదుగా కరెంటు తీగలు ఉన్నచోట గడను నిలువుగా ఎత్తరాదు. ఇనుపగొట్టమును గడగా అసలే వాడరాదు. తడిసిన వెదురు కూడ కరెంటును తెచ్చును. గాలి తిప్పు యంత్రముల తీగలు నీటిలో ఉన్నప్పుడు వాటి మెయిను ఆపిన పిమ్మటనే దగ్గరకు వెళ్ళవలెను. ఉరుములు వినిపించిన వెంటనే గట్టుకు చేరవలెను.

వేసవిలో చెరువు ఎండగట్టినప్పుడు పడవను పైకి తీసి, శుభ్రముగా కడిగి, నీడలో దిమ్మెలపై బోర్లించి ఉంచవలెను. ఎండలో వదలినచో పగుళ్ళు వచ్చును, నేలపై ఉంచినచో చెదపట్టును. ఏటా ఒకసారి మేకుల తలలను, మూలపట్టీలను చూచి, మొనగల ఉలితో పొడిచి చూడవలెను. కర్ర మెత్తగా దిగినచో అక్కడ పుచ్చు మొదలైనదన్నమాట. ఆ ముక్కను వెంటనే మార్చవలెను. పిమ్మట సందులకు నూలు, పైన పూత, చివరగా తెల్లగీతను మరల దిద్దవలెను.

ముగింపు

సోదరులారా! అనుభవము గల వడ్రంగి, ఒక సహాయకుడు ఉన్నచో ఈ పడవ పది పండ్రెండు దినములలో తయారగును. మొదటిసారి కట్టువారు దానికి రెట్టింపు సమయము పెట్టుకొనుడు. తొందరపడి సందులు సరిగా పూడ్చకపోవుటకన్న నాలుగు దినములు ఆలస్యమగుట మేలు.

పడవ తేలుట పెద్ద విశేషము కాదు. ఎండిన మొద్దు కూడ తేలును. వెళ్ళిన మనిషిని తిరిగి గట్టుకు చేర్చునదే పడవ. మా రెండవ పడవను ఈ కొలతలతోనే కట్టించితిమి. అది తయారయిన దినమున మా పెద్దాయన దానిలో ఎక్కి, ఆ ప్రక్కకు ఈ ప్రక్కకు అడుగువేసి చూచి, "ఇప్పుడు బాగున్నది బాబుగారూ" అన్నాడు. నాకు అంతకన్న వేరే ధ్రువపత్రము అక్కరలేకపోయినది.

మీలో పడవ కట్టించదలచినవారు కొలతలు వ్రాసుకొని, మొదట మీ చెరువులో పనిచేయు మనిషికి చూపుడు. ఆయన ఇంకొక జానెడు అడిగినచో, కాదనకుడు.